తగిలినంత మాత్రాన తప్పవుతుందా?

ఈ ఏడు సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం వారు అడిగారు. పూర్వ విద్యార్థిని కనుక "ఆ రోజుల్లో మన కాలేజీ" అని రాస్తానని వాళ్ళ ఊహ కాబోలు. ఆ వ్యాసం ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, మనం చదువుతూనే ఉన్నాం. చాలా ఏళ్ళుగా పాతబస్తీ మైదానాల్లో విజిల్ పట్టుకుని తిరుగుతున్నవాణ్ణి గనక నాకు తెలిసిన గొడవే రాస్తాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అని ఒక తప్పు ఉంది. దాన్ని తేల్చడం ఎలా అన్నదే నా విషయం.

నవ్వకండి. చార్మినారు నీడన కూచుని అమెరికా ఆట సంగతి మనకెందుకయ్యా అంటారని తెలుసు. అయితే ఆ ఆట మన ఊరికి బొత్తిగా చుట్టం కానిదేమీ కాదు. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో మన జట్టూ ఉండేది. ఆటలేమో కొలంబోలో జరిగాయి. ఆ లీగు నాలుగు కాలాలు నిలవలేదు, అది వేరే కథ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అన్నో అక్కో లేని తెలుగిల్లు ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి? వాళ్ళ పిల్లలు ఆడేది, చూసేది ఆ ఆటే. ఇక 2028 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లో ఆ ఆటకు తమ్ముడులాంటి ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను చేర్చారు. ఇనుప టోపీలూ భుజాల దిళ్ళూ అక్కర్లేదు, మనిషిని పడెయ్యడం లేదు, నడుముకు కట్టిన పట్టీ లాగితే చాలు. ఖర్చు లేని ఆట కనక రేపో మాపో మన కాలేజీలకూ వస్తుందని నా నమ్మకం. వచ్చిన్నాడు పిల్లలు దొరుకుతారు, బంతి దొరుకుతుంది. తీర్పు చెప్పేవాడే దొరకడు.

ముందు తప్పేమిటో చెప్తాను. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతిని ముందుకు విసురుతాడు. వాడి జట్టు రిసీవర్ పరుగెత్తిపోయి దాన్ని అందుకోవాలి. అవతలి డిఫెండరు అందుకోనివ్వకూడదు. ఇక్కడిదాకా అందరికీ అర్థమయ్యేదే. చిక్కంతా గాలిలో బంతి ఉన్న ఆ రెండు మూడు సెకండ్లలోనే. బంతి చేతిలోంచి వెలువడిన క్షణం నుంచి దాన్ని ఎవరో ఒకరు తాకేదాకా, ఆట మొదలైన గీతకు గజం దాటి అవతల, రిసీవరు బంతిని అందుకునే అవకాశాన్ని డిఫెండరు గట్టిగా దెబ్బతీస్తే అది పాస్ ఇంటర్‌ఫియరెన్స్. చెయ్యి పట్టుకుని కిందికి లాగినా, వీపు మీదికి ఎక్కినా, నడుము పట్టి తిప్పినా, బంతి వంక చూడకుండా దారికి అడ్డం పడినా తప్పే. కాని ఇద్దరూ బంతి కోసమే ఎగిరి ఒకరికొకరు తగులుకుంటే తప్పు కాదు. గాలిలో బంతి మీద ఇద్దరికీ సమాన హక్కు. ఎవరెంత ఎగిరినా అందనంత దూరం పోయే బంతి అయితే, అప్పుడు కాస్త తోసుకున్నా పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అనరు. పోయిన అవకాశమంటూ ఉంటే కదా!

చూశారా, ఆ నియమం "తగిలిందా?" అని అడగదు, "అవకాశం పోయిందా?" అని అడుగుతుంది. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది. మన మైదానాల్లో ఆడేవాళ్ళకూ, చూసేవాళ్ళకూ, కొందరు రెఫరీలకూ కూడా ఒక్కటే ప్రశ్న తెలుసు. తగిలితే ఫౌల్, తగలకపోతే కాదు. డిఫెండరు వెంటనే రెండు చేతులూ పైకెత్తి "మైతో హాత్ భీ నై లగాయా సాబ్" అని ప్రమాణం చేస్తాడు. నిజమే, చెయ్యి పెట్టలేదు. ఒళ్ళంతా పెట్టాడు.

ఇది మరీ పుస్తకాల సంగతిలా ఉందనిపిస్తే పతంగులు గుర్తు తెచ్చుకోండి. సంక్రాంతి రోజుల్లో శాలిబండలోనో, గౌలిపురాలోనో, లాల్‌దర్వాజాలోనో పేంచ్‌లో తెగిన పతంగి వెంట పరుగెత్తని వాళ్ళు ఈ సంచిక పాఠకుల్లో తక్కువే ఉంటారు. పతంగి గాలికి ఊగుతూ దిగుతుంటుంది. గల్లీలో పదిమంది పిల్లలు మొహాలు పైకెత్తి ఉరుకుతుంటారు. మిద్దెల మీది పెద్దవాళ్ళ కళ్ళు కూడా పతంగి మీదే. సరిగ్గా అప్పుడే కింద ఒకడు ఇంకొకడి చొక్కా పట్టి లాగుతాడు. వాడు అరఅడుగు వెనకబడతాడు, పతంగి మూడోవాడి చేతిలో పడుతుంది. లాగినట్టు ఎవరూ చూడలేదు, ఎందుకంటే చూడాల్సిన చోట ఎవరి కళ్ళూ లేవు. ఇద్దరు పిల్లలు పతంగినే చూస్తూ ఢీకొని పడిపోతే అది ఎవరి తప్పూ కాదు, మోకాళ్ళు దులుపుకుని లేస్తారు. పతంగి గాలికి ఎత్తుకుపోయి మూసీ అవతల పడబోతుంటే ఇవతల ఎవడు ఎవణ్ణి తోస్తే మాత్రం ఏం పోయింది? మొత్తం పాస్ ఇంటర్‌ఫియరెన్స్ చట్టం ఈ గల్లీలో ఉంది. అమెరికా వాళ్ళు దాన్ని పుస్తకంలో రాసుకున్నారు, అంతే తేడా.

కనుక తీర్పరి మొదట నేర్చుకోవలసింది బంతిని చూడకపోవడం. చెప్పడానికి తేలికే. వేలమంది కళ్ళు ఎటు తిరిగితే మన కళ్ళూ అటే లాగుతాయి, అది మనిషి గుణం. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆటలో ఏడుగురు అధికారులుంటారు. ఆట మొదలయ్యే ముందే ఎవరు ఏ రిసీవరును కనిపెట్టి ఉండాలో పంచుకుని ఉంటుంది. వాళ్ళ చూపు మనుషుల మీద. మరి బంతి విడిచాడని తెలిసేదెలా? రిసీవరు తల తిప్పడంతో, చేతులు లేవడంతో, డిఫెండరు అడుగు మారడంతో తెలుస్తుంది. బంతి విడవక ముందు పట్టుకుంటే అది వేరే పేరున్న తప్పు, శిక్ష కూడా వేరు. అరసెకండు తేడాలో తప్పు పేరే మారిపోతుందన్నమాట.

నిలబడే చోటు ఇంకొకటి. ఇద్దరి మధ్య ఉన్న సందు కనిపించాలి. ఎదురుగా నిలబడితే ముందువాడి వీపే కనిపిస్తుంది, వెనకవాడి చెయ్యి ఎక్కడుందో బ్రహ్మకు కూడా తెలియదు. పక్కనుంచి చూస్తే ఆ చెయ్యి నడుము మీద ఊరికే ఆనిందా, పట్టి లాగిందా తెలిసిపోతుంది. మనవాళ్ళు రెఫరీకి కావలసింది ధైర్యం అంటారు. ఒప్పుకుంటాను, కాని ధైర్యం కంటే ముందు కాళ్ళు కావాలి. సరైన చోటికి సమయానికి చేరనివాడు ఎంత ధైర్యంగా విజిల్ వేసినా అది ఊహే.

ఆ ఆటలో నాకు నచ్చిన సదుపాయం మరొకటుంది. తప్పు కనిపించగానే ఆట ఆపరు. అధికారి నడుము దగ్గర పసుపుపచ్చని గుడ్డ ఉంటుంది, దాన్ని నేల మీదికి విసురుతాడు. ఆట దాని దోవన అది పూర్తవుతుంది. అందువల్ల ఒక్క గుక్క ఆలోచించుకునే వీలుంటుంది. మొదట కనిపించింది ఏమిటి, అందువల్ల చివరికి జరిగింది ఏమిటి అని జతచేసి చూసుకోవచ్చు. మన ఫుట్‌బాల్‌లో విజిల్ ఒకసారి మోగిందంటే ఆట చచ్చిపోయినట్టే. అందుకే మనవాళ్ళకు నేను చెప్పేది, విజిల్ నోట్లో పెట్టుకుని పరుగెత్తవద్దు, చేతిలో పెట్టుకోండి అని. చెయ్యి నోటిదాకా వచ్చే లోపల బుద్ధి కాస్త పనిచేస్తుంది.

ఇంత జాగ్రత్త పడ్డా కొంప మునగదా అంటే మునుగుతుంది. 2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్స్, రామ్స్ జట్ల మధ్య ఆట. గెలిచినవాళ్ళు సూపర్ బౌల్‌కు పోతారు. స్కోరు 20–20, రెండు నిమిషాల లోపే మిగిలి ఉంది. డ్రూ బ్రీస్ విసిరిన బంతి టామీలీ లూయిస్ దగ్గరికి చేరకముందే రామ్స్ డిఫెండరు నికెల్ రోబీ కోల్మన్ వచ్చి వాణ్ణి గుద్దేశాడు. బంతి వంక చూడనైనా లేదు. గుడ్డ పడలేదు. రామ్స్ అదనపు సమయంలో 26–23తో గెలిచారు. తాను ముందే వెళ్ళి గుద్దానని ఆ డిఫెండరే ఆట తరవాత ఒప్పుకున్నాడు. అభిమానులు కోర్టులకెక్కారు. నిలబడలేదనుకోండి.

ఇంత రభస జరిగాక లీగు యజమానులు 31–1 ఓట్లతో ఒక తీర్మానం చేశారు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఇకమీదట వీడియోలో మళ్ళీ చూసి సరిదిద్దవచ్చని. లోకమంతా న్యాయం వచ్చేసిందనుకుంది. 2019 సీజన్ ఒక్కటే నడిచింది ఆ ముచ్చట. మైదానంలో ఇచ్చిన తీర్పును ఎంత తప్పుంటే మార్చాలో ఎవరికీ పాలుపోలేదు. ఒక వారం మార్చినదాన్ని పోలినదే ఇంకో వారం మార్చలేదని కోచ్‌లు తల పట్టుకున్నారు. 2020లో ఆ నియమాన్ని కొనసాగించకుండా వదిలేశారు.

ఎందుకు పనికిరాలేదంటారు? బంతి గీత దాటిందా, కాలు గీత తొక్కిందా అన్నవి కెమెరా చెప్పగల సంగతులు. అవకాశం పోయిందా అన్నది కెమెరా చెప్పలేదు. పైగా వీడియోను మెల్లగా తిప్పినప్పుడు బలం తెలియదు, వేగం తెలియదు. ఊరికే ఆనిన చెయ్యి కూడా పట్టి లాగినట్టే ఉంటుంది. రెప్పపాటు ముందు తగిలినవాడు ఎంతో ముందుగా వచ్చి కూచున్నట్టుంటాడు. నెమ్మది చేసి చూస్తే పెళ్ళిలో తలంబ్రాలు పోసుకోవడం కూడా కొట్లాటలాగే ఉంటుంది. ఏ యంత్రమూ వద్దని నేను అనడం లేదు. న్యూ ఆర్లీన్స్‌లో జరిగినలాంటి, పసివాడికైనా కనిపించే పొరపాటును దిద్దడానికి ఏదో దారి ఉండాల్సిందే. కాని తీర్పు చెప్పే పనిని యంత్రానికి అప్పగించి మనం చేతులు దులుపుకోలేమని ఆ ఒక్క సీజనే తేల్చింది.

శిక్ష సంగతి కూడా చెప్పాలి, దీని మీద నాకూ మా మిత్రులకూ కుదరదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఈ తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడ పెడతారు. నలభై గజాల అవతల జరిగితే నలభై గజాలూ ఇచ్చేసినట్టే. గోల్ ప్రదేశంలో జరిగితే గజం గీత మీద పెడతారు. అమెరికా కాలేజీ ఆటలో మాత్రం 15 గజాలకు మించదు. లీగు పద్ధతే న్యాయమని మా వాళ్ళంటారు: "దొంగిలించినంతా కక్కించాలి కదా!" పదిహేనే అయితే, యాభై గజాల పాస్ పోతున్నప్పుడు ఓడిపోయిన డిఫెండరు కావాలనే పట్టి లాగేస్తాడని వాళ్ళ వాదన. అందులో నిజం లేకపోలేదు. అయినా విద్యార్థుల ఆటకు కాలేజీ పద్ధతే మేలని నేనంటాను. శిక్ష కొండంత అయితే తీర్పరి చెయ్యి వణుకుతుంది. నడిమైదానంలో ఏ ఆలోచనా లేకుండా ఫౌల్ ఇచ్చే తోపుకే పెనాల్టీ పెట్టెలో "ఆడండి, ఆడండి" అనే రెఫరీలను మనం చూడలేదా? తప్పును కాక శిక్షను చూసి తీర్పు చెప్పడమంటే అదే. 2015 జనవరిలో డల్లాస్, డెట్రాయిట్ ఆటలో ఏకంగా గుడ్డ పడింది, పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అని మైకులో చెప్పడమూ అయింది, ఆ తరవాత తప్పేం లేదని గుడ్డ తీసేశారు. డల్లాస్ 24–20తో గెలిచింది. ఆ వెనక్కి తీసుకోవడం సరైనదా కాదా అన్న పేచీ తెగలేదు. తీర్పు మారడం తప్పు కాదు. కాని మారేదేదో మైకు ముట్టకముందే, అధికారులు నలుగురూ కూడి మాట్లాడుకుని మార్చుకోవాలి. లోకానికి చెప్పాక మారిస్తే, మారినది సరైనదైనా నమ్మేవాడు ఉండడు.

మన ఫుట్‌బాల్ చట్టంలోనూ ఇదే బుద్ధి ఉంది, మనం పట్టించుకోం గాని. బంతి ఆడే దూరంలో లేనప్పుడు ఎదుటివాడి దారికి అడ్డం పడితే, ఒళ్ళు తగలకపోయినా పరోక్ష ఫ్రీకిక్ ఇవ్వాలి. తగిలితే ప్రత్యక్ష ఫ్రీకిక్. తప్పనిసరి గోలయ్యే అవకాశాన్ని పాడుచేసినవాడికి ఎర్రకార్డు. 2016లో దాన్ని కొంచెం సడలించి, పెనాల్టీ పెట్టె లోపల నిజంగా బంతి కోసమే ప్రయత్నించి ఫౌల్ చేసినవాడికి పసుపు కార్డుతో సరిపెట్టారు. బంతి కోసం పోయాడా, మనిషి మీదికి పోయాడా? మహాసముద్రం అవతలి ఆటా, మన ఆటా చివరికి ఒకే ప్రశ్న దగ్గర కలుస్తున్నాయి.

ఈ ఊళ్ళో పాస్ విలువ తెలియని వాళ్ళు కారు మనవాళ్ళు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఇక్కడ బడిపంతులుగా పనిచేసినవారే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించారు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకాలు తెచ్చిన జట్ల శిక్షకుడాయన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన చేతిమీదుగానే. కుర్రాళ్ళకు పాస్ అలవాటు కావాలని డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో టోర్నమెంట్లు పెట్టించిన మనిషి. అట్లాంటి ఆట నిలవాలంటే పాస్ అందుకోబోయేవాడికి రక్షణ ఉండాలి కదా! పరుగెత్తేవాణ్ణి ప్రతిసారీ భుజంతో ఆపేస్తుంటే, రెఫరీ "తగల్లేదు పో" అంటుంటే, ఆ కుర్రవాడు నాలుగో రోజుకు పరుగెత్తడం మానేస్తాడు. పాస్ ఇచ్చేవాడు కూడా మానేసి ఎత్తి కొడతాడు. అట్లా ఎత్తికొట్టే ఆటలే నేనిప్పుడు ఎక్కువగా చూస్తున్నాను. దానికి కారణం ఆటగాళ్ళొక్కరే కాదు, సగం పాపం విజిలు పట్టినవాళ్ళది.

ఆమధ్య ఒక ఇంటర్ కాలేజ్ ఆటలో, సందులోంచి పోయిన బంతి వెంట ఫార్వర్డ్ పరుగెత్తుతుంటే బ్యాక్ ఆటగాడు బంతిని వదిలేసి వాడి దారిలో గోడలా నిలబడ్డాడు. ఫార్వర్డ్ ఆగి చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది, ఒళ్ళు తగల్లేదు. పరోక్ష ఫ్రీకిక్ ఇచ్చాను. ఆ కాలేజీ తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి గీత దాటి లోపలికొచ్చి, "ఏంది సార్, తగలనే లేదు గదా, గిదేం ఫౌల్?" అని పిల్లలందరి ముందూ నా మీదికి వచ్చాడు. నియమం చెప్పాను. వినలేదు. ఆ రోజు నాతో లైన్స్‌మన్‌గా నిలబడింది డిగ్రీ రెండో సంవత్సరం చదివే కుర్రాడు, రెఫరీ పరీక్షకు కూచోవాలని ఉత్సాహపడుతున్నవాడు. ఆ మరుసటి వారం నుంచి రాలేదు. ఫోను చేస్తే, "తిట్లు తినడానికి ఆదివారం ఎందుకు సార్" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను. కాని ఆ కుర్రాడు చక్కగా పక్కకు పోయి సందు చూసేవాడు, ఆ విద్య అందరికీ రాదు.

విద్యార్థి సంఘం వారికి నా మనవి ఇదే. ప్రతి ఏడూ షీల్డులకు, బానర్లకు, ముఖ్య అతిథి శాలువాకు అయ్యే ఖర్చులో కొంత తగ్గించి, ఏడాదికి నలుగురు విద్యార్థులకు రెఫరీయింగ్ నేర్పించండి. అమ్మాయిలను కూడా తీసుకోండి, ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో వాళ్ళకూ ఉంది. ఆట నడుస్తుండగా గీత దాటి లోపలికొచ్చే పెద్దమనుషులు ఎవరైనా సరే, ఆ ఏడాదికి వాళ్ళ జట్టుకు మన మైదానంలో ఆట లేదని రాసి పెట్టండి. ఫిజికల్ డైరెక్టరుగారు ఒప్పుకుంటే ఆదివారం పొద్దున ఆరింటికి నేను వస్తాను. ఇద్దరు పరుగెత్తాలి, ఒకరు బంతి విసరాలి, నలుగురు నాలుగు చోట్ల నిలబడి ఎవరికేం కనిపించిందో విడివిడిగా కాగితం మీద రాయాలి. తరవాత నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం, భలే తమాషాగా ఉంటుంది. పసుపుపచ్చ గుడ్డ ఎక్కడినుంచో తెప్పించక్కర్లేదు, పత్తర్‌గట్టీలో జేబురుమాళ్ళు కావలసినన్ని ఉన్నాయి. ఒక మూల గుప్పెడు శనగలు ముడి వేస్తే విసిరినచోట పడుతుంది, గాలికి కొట్టుకుపోదు.